తిప్పి విసిరిన సీసా

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. ఎంత క్షేమమో చదివాక నువ్వే తేల్చుకో.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. ఎండతో కరెంటు పుట్టించే మన సిరా ఇంకా గడ్డ కడుతోందా అని అడిగావు. కట్టడం లేదు. రాగి, తగరం, జింకు, గంధకం కలిసిన పొడి కంటికి ఆననంత నలుసుగా మారాక ద్రావకం మెల్లగా పోయాలని పిన్ని కనిపెట్టింది. ఇప్పుడు రేకు మీద వెన్నలా పరుచుకుంటోంది. పెద్ద కంపెనీల యంత్రాలేవీ లేకుండా, రొట్టెలు కాల్చే పాత ఓవెన్‌లో పెట్టి తీస్తే చాలు. నాలుగు రేకులు ఎండలో పెడితే ఒక ఇంటికి బల్బులూ ఫ్యానూ నడుస్తున్నాయి. వీధిలో సగంమంది, నెలనెలా డబ్బు కట్టి వాడుకునే మీ యజమాని జనరేటర్ వైరు పీకి పారేశారు. ఆయనకు కడుపు మండింది కూడా అందుకే.

పిన్ని కులాసానా అని కూడా అడిగావు. ఏమీ ఎరగనట్టు అడిగావు కాబట్టి, ఏమీ ఎరగనివాడికి చెప్పినట్టే చెబుతాను.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముఖాలకు గుడ్డలు కట్టుకుని నలుగురు మనం రేకులు చేసే షెడ్డులోకి వచ్చారు. ఇనపరాడ్లతో ఓవెన్ తలుపు ఊడగొట్టారు. ఆరబెట్టిన రేకులను బూట్లతో తొక్కారు. అడ్డం వెళ్ళిన నన్ను ఒకడు జుట్టు పట్టి గోడకేసి బాదాడు. ముందు పన్ను ఊడి నా చేతిలోకే వచ్చింది. పిన్ని సంగతి తెలుసుగా, బల్ల కింద దూరవే అంటే దూరదు, నోరూ మూసుకోదు. "ఒరేయ్, ఆ రేకులు మీ ఇళ్ళకూ పనికొస్తాయిరా" అని అరుస్తూనే ఉంది. అప్పుడు నాలుగోవాడు అరలోంచి సిరా సీసా తీసి గోడకేసి కొట్టాడు. పెంకు ఎగిరి పిన్ని కుడికంట్లో దిగింది. సిరా, నెత్తురు కలిసి చెంప మీదుగా మెడలోకి కారాయి. ఆ కన్ను డాక్టర్లు తీసేశారు.

బండి మీంచి పడి మోచెయ్యి విరిగిందనీ, యజమాని నిన్ను దూరపు పనికి పంపాడనీ రాశావు. ఇంతసేపూ నాన్చాను, ఇక చెప్పేస్తాను.

ఆ నాలుగోవాడు సీసా విసిరేముందు, మెడ దగ్గర పట్టుకుని మణికట్టుతో మెల్లగా గుండ్రంగా తిప్పాడు. అడుక్కి దిగిన నలుసు పైకి లేవాలని మనం తిప్పుతామే, అలా. పగలగొట్టబోయే సీసాను ఎవడైనా తిప్పుతాడా? బడి ఎగ్గొట్టి నా బల్ల పక్కన కూర్చునే వయసులో, "తిప్పకుండా సీసా మూత తీస్తే వీపు చీరేస్తా" అని నేనేగా నీకు నేర్పింది.

నువ్వని తెలియక కొట్టానని అనుకుంటున్నావేమో. తెలిసే కొట్టాను. సిరా పరిచే ఉక్కు కడ్డీ తీసి నీ మోచేతి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మళ్ళీ ఎత్తాను, ఈసారి తల మీదకే. నువ్వు "అమ్మా" అన్నావు. దెబ్బ తగిలితే ఎవరైనా అలాగే అంటారు. కానీ నా చెయ్యి ఆగిపోయింది, అంతలో నీవాళ్ళు నిన్ను లాక్కుపోయారు. ఆ మాట అనకపోయుంటే చంపేసేదాన్ని. కొట్టినందుకు బాధపడుతున్నానో, ఆగినందుకు బాధపడుతున్నానో నాకే తెలియడం లేదు.

ముఖాలు చూడలేదని పోలీసులకు చెప్పాను. పిన్నీ అదే చెప్పింది. నిన్న కట్టు మారుస్తుంటే మెల్లగా అంది, "అక్కా, వాడు సీసా తిప్పాడు."

"చూశాను" అన్నాను.

"నీకు కొడుకు కదా అని ఊరుకున్నా."

"నీకు కన్ను కదే" అన్నాను.

వచ్చే సోమవారం స్టేషన్‌కు వెళ్ళి నీ పేరు చెబుతాను. నిన్ను పంపినవాడి పేరు నువ్వు చెప్పాలి. ఆలోపు వస్తే ముందు ఇంటికి రా. పిన్ని ముందు నిలబడు, భోంచెయ్యి, ఇద్దరం కలిసే వెళదాం. రాకపోతే ఒక్కదాన్నే వెళతాను. కట్టు తడవనీయకు, రాత్రిళ్ళు చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకో.

ఇట్లు,
నీ చెయ్యి విరగ్గొట్టిన
అమ్మ