పళ్లంచు ముక్కల బొంత

బెల్లంపల్లి, ఆదివారం రాత్రి

బట్టల దుకాణం వాళ్లు పారేసిన శాంపిల్ ముక్కలతో బొంత పూర్తయింది. అన్నీ అరచేయంత చదరాలే, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. "గా పళ్లు కత్తిరియ్యాలె. గప్పుడు గీ ముక్కలు రుమాలుకు గూడ రావు" అంది మొదటి రోజే అత్తమ్మ. నేను ఒక్క పన్ను కూడా కత్తిరించలేదు. పళ్లన్నీ కుట్టు లోపలికి పోయేలా ముందు పొడుగు పట్టీలు కుట్టి, తర్వాత పట్టీలను కలిపాను.

సాయంత్రం అత్తమ్మ పడుకుని కప్పుకుని చూసింది. మెడ నుంచి పాదాల దాకా నిండుగా వచ్చింది. చారల ముక్కలన్నీ నిలువుగానే కుట్టినా, నడుమ ఒక ముక్కలో గీతలు మాత్రం అడ్డం తిరిగాయి. ఆమె వేలు సరిగ్గా అక్కడే ఆగింది. నాకు గుబులైంది.

"గిది విప్పి కుట్టాల్నా అత్తమ్మా?" అన్నాను.

"ఉండనియ్యి. దుకాణంల కొన్నది గాదని చూసినోళ్లకు తెల్వాలె."

ఇప్పుడు దాన్ని కప్పుకునే నిద్రపోతోంది. నాకేమో చలి. అయినా అడగను.