కొత్త స్కీలకు బొట్టు

నోవై, శనివారం రాత్రి

మా అమ్మాయి, మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే స్కీల షాపులో రెండు జతలు ముందు పెట్టుకుని చాలాసేపు తేల్చుకోలేకపోయింది. సన్నవి ఇక్కడి గట్టి మంచు మీద బాగా పట్టుకుంటాయట, వెడల్పువి కొలరాడో మెత్తటి మంచులో కూరుకుపోవట.

"సన్నవే తీసుకోమ్మా, మన కొండకి అవే కదా" అన్నాను.

"ఇక్కడ బోర్ కొట్టేసిందమ్మా. ఇకనుంచి ఫ్రెండ్స్‌తో కొలరాడోకే" అని వెడల్పువి కొనుక్కుంది.

ఇంటికొచ్చాక వాటికి కుంకుమ పెడుతుంటే "కొత్త కారనుకున్నావా అమ్మా!" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇన్నాళ్లూ శనివారాలు అది కొండ మీద జారుతుంటే, నేను కొండ కింద హాల్లో కిటికీ దగ్గర కూర్చుని జపం చేసుకునేదాన్ని. దాని ఎర్ర జాకెట్ కనిపించినప్పుడల్లా లెక్క తప్పేది. స్వామీ, ఆ కొలరాడోలో అది పడకుండా నువ్వే చూసుకో. వచ్చే వారం నుంచి నా జపం ఇంట్లోనే. ఇక లెక్క తప్పదు...