గోళ్ళు పెరిగేదాకా

ఓడ ఇంజినీరు గారికి,

ఏమండీ, ఫోన్ చేసినప్పుడల్లా మీరు "గిటారు సాధన ఎలా ఉంది?" అంటారు, నేను "బ్రహ్మాండం" అంటాను. అది అబద్ధం. మీ గొంతు వింటూ నిజం చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. కుడిచేతి గోళ్ళు కత్తిరించేసుకున్నాను.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి అత్తయ్యకు స్నానం నేనే చేయిస్తున్నాను కదా. ఒకరోజు వీపు రుద్దుతుంటే నీళ్ళు ఎర్రగా కారాయి. నా బొటనవేలి గోరు గీరుకుపోయింది. ఆవిడ "అబ్బా" అని కూడా అనలేదు. స్పర్శ లేని వైపు, తెలియనేలేదు. మందు రాసి పడుకోబెట్టి, తిన్నగా వెళ్ళి గోళ్ళు తీసేసుకున్నాను. గిన్నెలు తోమాలన్నా తొడుగు వేసుకుని, రోజూ ఆకురాయితో సన్నగా అరగదీసి కాపాడుకున్న గోళ్ళు! "వాటికి గొడుగు కూడా పట్టవే" అని అత్తయ్య వేళాకోళం చేసేవారు, గుర్తుందా?

వేళ్ళున్నాయిగా అంటారేమో. స్పెయిన్ వాళ్ళ ఫ్లమెంకో గిటారులో కుదరదండీ. ముడిచిన వేళ్ళు ఒకదాని వెనక ఒకటి విసిరితే, గోళ్ళ వీపులు తీగల మీద జలజలా పడాలి. మీకు నోరు తిరగని ఆ రస్గెయాదో అదే. గోరు లేకుండా వాయిస్తే దుప్పటి దులిపినట్టుంది. ఒప్పుకున్న ప్రదర్శనకు నా బదులు ఇంకొకరిని చూసుకోమని, నా గిటారుకు ఆడే మా డాన్సరుతో చెప్పేశాను. అది గయ్యిమంది. "నా కాలి చప్పుడు తెలిసిన చెయ్యి ఇంకోటి ఎక్కడ దొరుకుతుందే?" అంది.

ఇది మీ మీద నిష్ఠూరం కాదు. గిటారు పెట్టె కనబడితే తల తిప్పేసుకుంటున్నాను, అంతే.

మీ
ఇంటావిడ

*

ఏమండీ,

మీ జవాబు రాకముందే ఇంకొకటి రాయాల్సి వస్తోంది. అత్తయ్య నన్ను దగ్గరికి రానివ్వడం లేదు.

మొన్న అత్తయ్యను చూడటానికి ఇంటికొచ్చే నర్సమ్మ, మంచం పుళ్ళు పడ్డాయేమోనని వీపు చూసి, "వీపు మీద గోటి గీరు బాగానే మానిందమ్మా" అనేసింది. అత్తయ్య నా వైపు చూశారు. బాగున్న చేత్తో నా చెయ్యి లాక్కుని, వేలికొసలు ఒక్కొక్కటీ తడిమారు. తరవాత గిటారు పెట్టె వైపు చూశారు. మొహం కందగడ్డలా అయింది. మర్నాడు నీళ్ళు తోడి పిలిస్తే, ఆ తడబడే మాటతోనే "నువ్వు... వద్దు" అన్నారు. అన్నం కలిపి పెట్టబోయినా అదే మాట. ఇప్పుడు నర్సమ్మే వచ్చి స్నానం చేయిస్తోంది. గిన్నె పక్కన పెడితే ఆవిడే ఎడంచేత్తో తింటున్నారు, సగం ఒళ్ళోనే.

గోటితో చీరేశానని కోపం వచ్చిందేమో. రాదా మరి? వంటగదిలో కుళాయి తిప్పి, దాని చప్పుడులో ఏడ్చాను.

మీ
నేను

*

నా ఇంజినీరు గారికి,

ఉద్యోగం మానేసి వచ్చేస్తానని ఇన్ని నెలలుగా రాస్తూనే ఉన్నారు. రావద్దు. ముందు ఇది చదవండి.

ఆవిడ కోపం గీరు మీద కాదట. నేను ఉండబట్టలేక, "అత్తయ్యా, తప్పయిపోయింది, ఎన్నాళ్ళిలా?" అని అడిగేశాను. ఆవిడ మాట కూడదీసుకుని, "గోళ్ళు... వచ్చేదాకా" అన్నారు. నా వల్ల నీ గిటారు ఆగితే నేనెందుకు బతకాలి అని ఆవిడ బాధ. అది ముక్కలు ముక్కలుగా చెప్పడానికి ఒక పూటంతా పట్టింది. ఇద్దరం ఏడ్చాం. నర్సమ్మ మాతో కలిసి ఏడ్చి, ఆనక సిగ్గుపడింది. స్నానం ఇక నర్సమ్మ పనేనని అత్తయ్య తీర్మానించారు.

అక్కడితో ఆగలేదు మీ అమ్మ. ఫిజియోథెరపీ అమ్మాయి పడిపోయిన చేతికి కసరత్తు అని మట్టిముద్ద ఇస్తే, "నేను పసిపిల్లనా" అన్నట్టు విసిరికొట్టారు. నా ఆకురాయి అందుకున్నారు. పెరుగుతున్న నా గోళ్ళు ఆ చేత్తోనే అరగదీస్తానని పట్టు. మొదట్లో ఆకురాయి జారి కింద పడేది. తిట్టుకుని మళ్ళీ అందుకునేవారు. చూపుడువేలుది కాస్త ఏటవాలుగా, బొటనవేలుది కొంచెం పొడుగ్గా, అంచు ఎక్కడా తీగకు తట్టుకోకుండా. రానురాను చెయ్యి నిలకడకొచ్చింది. మా డాన్సరు కూడా ఇంకొకరిని వెతకలేదు. "నీ గోళ్ళు వచ్చేదాకా నా కాళ్ళు ఆగుతాయిలే" అని ప్రదర్శన వాయిదా వేయించింది.

తీరా ప్రదర్శన రోజు పొద్దున అత్తయ్య చెయ్యి వణికి, ఉంగరంవేలి గోరు చిట్లింది. ఆవిడ మొహం పాలిపోయింది. "ఏం కాదు" అంటూ పల్చటి కాగితం ముక్క జిగురుతో అంటించి నున్నగా చేశాను.

వేదిక మీద డాన్సరు కాళ్ళు వేగం అందుకున్నాయి. నేను వేళ్ళు విసిరాను. రెండో విసురుకే అతుకు ఎగిరిపోయింది. ఆ వేలు వదిలేసి, మిగతా వాటితో లాక్కొచ్చాను. ఎవరూ కనిపెట్టలేదు. చక్రాల కుర్చీలో ముందు వరసలో కూచున్న మీ అమ్మ తప్ప.

చప్పట్లు అయ్యాక కిందికి దిగితే, నా చెయ్యి పట్టుకుని ఆ విరిగిన గోరు చూశారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఏడవలేదు. మాట పడిపోయినప్పటి నుంచీ మొదటిసారిగా ఎక్కడా తడబడకుండా అన్నారు: "రేపు పొద్దున్నే కూచో. ఆ వేలి సంగతి చూద్దాం."

ఓడ దిగకండి. ఇక్కడ మా ఇద్దరికీ పనుంది.

మీ అమ్మ కోడలు