భవ్య చేతుల దుమ్ము

ఈశ్వరమ్మా,

నువ్వు ఇది చదవవని తెలుసు. అయినా ఈ రోజు సంతోషం నీకు చెప్పకుంటే నాకు ముద్ద దిగేట్టు లేదు.

మన పద్మకు కిడ్నీలు పాడైనప్పటి నుంచి మనవరాలు భవ్య అమ్మ పక్కన పడుకోవడం మానేసింది. పద్మ దగ్గరికి పిలిస్తే గోడకు అతుక్కుపోయేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

ఈ రోజు పద్మతో డయాలసిస్‌కు పోతూ భవ్యను కూడా వెంట తీసుకుపోయాను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో అమ్మకు దూరంగా, నా పక్కనే కూర్చుంది. ఆసుపత్రిలో అమ్మ చేతికి సూదులు, గొట్టాల్లో రక్తం చూసి నా వెనక్కి నక్కింది. ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకున్నాను.

అప్పుడు నర్సమ్మను మెల్లగా అడిగింది: "అక్కా, మా తాత బొమ్మలు చెక్కే రాతిదుమ్ము నేను అంటించినందుకేనా అమ్మకిట్లయింది?"

నువ్వు బతికున్నన్నాళ్లూ, నేను రాళ్లు చెక్కే షెడ్డు నుంచి ఎవరొచ్చినా, ఆ దుమ్ముతో రోగాలొస్తాయంటూ కాళ్లూ చేతులూ కడగనిదే గడప తొక్కనిచ్చేదానివి కాదు కదా! ఆ మాటనే బిడ్డ ఇన్నాళ్లూ మోసింది.

"కాదు పాపా. దుమ్ముతో వచ్చేది కాదిది. నీ వల్ల అసలే కాదు," అంది నర్సమ్మ.

పద్మ ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది. "యాడ నిలబడినావ్ మే? రా ఈడికి!"

సాయంత్రం భవ్య షెడ్డులో ఆడి ఆడి, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో పరిగెత్తి అమ్మ ఒడిలో పడింది. కడుక్కోమని నేను చెప్పలేదు, ఈశ్వరమ్మా. నువ్వూ ఏమీ అనొద్దు.

నీ మొగుడు