ఆ అరటిపండు ఇవ్వనందుకు

రేపల్లె,
12-5-2004

వదినగారికి,

ఆదివారం అన్నయ్యని బాపట్ల తీసుకొస్తాను. ఈలోగా మీకు నిజం తెలియాలి. నాన్నగారి తద్దినం నాడు అన్నయ్య పడిపోయింది ఎండదెబ్బకి కాదు.

ఉదయం షుగరు మాత్ర నేనే గుర్తుచేసి వేయించాను. పదకొండింటికి "ఒరేయ్, ఒక్క అరటిపండు తింటానురా" అన్నాడు. "భోక్తలు లేచేదాకా నువ్వు తినకూడదు కదా" అన్నాను. నువ్వులూ నీళ్ళూ వదులుతుంటే అన్నయ్య చేతులు వణికాయి. నాన్నగారు గుర్తొచ్చారనుకున్నాను.

ఆ మాత్ర ఒంట్లో ఇన్సులిన్‌ని బయటికి తోస్తుందనీ, మనం తిన్నామో లేదో చూడదనీ, ఖాళీ కడుపైతే షుగరు పడిపోతుందనీ తెనాలిలో అన్నయ్యని చూసిన డాక్టరుగారు చెప్పారు.

తెలివొచ్చాక అన్నయ్య "కార్యం ఆగిపోయిందా?" అని అడిగాడు.

వచ్చే ఏడు టిఫిన్ పెట్టాకే పీటమీద కూర్చోబెడతాను. నాన్నగారికి కోపమొస్తే నామీదే రానివ్వండి.

మీ మరిది