దుమ్ముచాటు గెలాక్సీ

తొకొనావో,
మే 14.

ఎవారిస్తో అన్నకి, నీ కోపం ఇంకా చల్లారలేదని తెలిసే, నిల్దా వినయంగా రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. కలామాలో గని లారీ తోలుతూ నువ్వూ బాగానే ఉన్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు జ్ఞానతండ్రివై జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న మా ఫ్లోరాకి ముందు పళ్లు రెండూ ఊడాయి. ఈల వెయ్యడం రావట్లేదని ఒకటే ఏడుపు.

అన్నా, గెలాక్సీ బొమ్మ కుదిరింది! నువ్వు ఉద్యోగం వదిలి వెళ్లడానికి కారణమైన ఆ పాడు బొమ్మే. కొండమీద ఆకాశాన్ని చూసే గొడుగు యాంటెన్నాలను నీ పెద్ద బండితో ఒక దిమ్మె నుంచి ఇంకో దిమ్మెకి మార్చిన వారం తీశారే, అది. గెలాక్సీ చిరిగిన గుడ్డలా వచ్చేసరికి, రెండు యాంటెన్నాలను తారుమారుగా దించావని అందరూ నీ మీద పడ్డారు. నువ్వు సరిగ్గానే దించావు. రిజిస్టరులో దిమ్మెల నంబర్లే తారుమారయ్యాయి. ఏ యాంటెన్నా ఎక్కడుందో దాన్ని బట్టే కదా బొమ్మ లెక్క, వాటిని సరిచేసి మళ్లీ కట్టిస్తే చక్కగా వచ్చింది.

ఎంత బాగుందనుకున్నావు! ఆ వెలుగు బయలుదేరి పన్నెండు వందల కోట్ల ఏళ్లయింది. మామూలు దుర్భిణిలో చూస్తే అక్కడ ఏమీ లేదు, అంతా దుమ్ము. ఆ దుమ్ము లోపల ఏడాదికి వెయ్యి నక్షత్రాలు పుడుతున్నాయట. మన పాలపుంతలో ఒకటో రెండో, అంతే.

మీ అమ్మకి ఫోటో చూపిస్తే నన్ను దులిపేసింది. "దుమ్ములో ఏదో ఉందని తెలుసుకోడానికి మీకు అన్ని ఇనప గొడుగులు కావాల్సొచ్చాయా? ఆకాశంలో పాలపుంత నడుమ మేసే మన నల్ల లామా చుక్కలతో ఉందా ఏంటే? ఆ నలుపే దాని ఒళ్లు. మా తాతలు చీకటికే పేరు పెట్టారు, పో!" అంది. నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది. తర్వాత ఫోటో పక్కన పెట్టి, "సరే గానీ, మావాడి మీద పడ్డ మచ్చ సంగతేంటి?" అనడిగింది. ఫోటో సంచిలో పెట్టేసుకుని లేచాను.

నీ బండి సీటు మళ్లీ ఖాళీ అయింది. నీ తర్వాత వచ్చినవాడు కొండకి మొక్కి నాలుగు కోకా ఆకులైనా పెట్టకుండా బండి తీసేవాడు. వంద గజాలకి మూడుసార్లు ఆపేవాడు. నెలకే పారిపోయాడు.

నీ జవాబు కోసం ఎదురుచూసే
నిల్దా

తా.క.: అసలు సంగతి పైన రాయలేకపోయాను. ఆ నంబర్లు తప్పు రాసింది నేనే. ఐదు వేల మీటర్ల ఎత్తున, ఆక్సిజన్ గొట్టం తీసి పక్కన పెట్టి, మాంసం కూరిన ఎంపనాద తింటూ రాశాను. గొట్టం తీస్తే బుర్ర పనిచెయ్యదని కొత్తవాళ్లకి పాఠం చెప్పేదాన్నీ నేనే. తప్పు ఆ వారమే తెలిసింది. ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. నువ్వు సామాన్లు సర్దుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను, సిగ్గులేనిదాన్ని. నిన్న మీ అమ్మకి చెప్పేశాను. "నాకు కాదు, చెప్పాల్సిన చోట చెప్పు" అంది. పొద్దున్నే ఇంజినీరమ్మకి అంతా రాసిచ్చాను. నన్ను కొండ దించి స్టోరుకి మార్చారు. నిన్ను రమ్మని ఆవిడ సంతకం చేసిన కాగితం ఈ కవర్లోనే పెట్టాను. నన్ను క్షమించకపోయినా సరే అన్నా, సోమవారం వచ్చి బండెక్కు.