నువ్వు సగంలో వదిలిన పేకాట

యాదగిరన్నా,

కంట్రోల్ రూమ్‌లో ఇకపై స్టీలు గ్లాసుతోనే టీ తాగవలెనని సకల జనులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. నీ పింగాణీ కప్పు పగలగొట్టింది నేనే.

నువ్వు పోయి ఇవాళ్టికి నెల. ఎడమ తెర మీద రియాక్టర్ వేడి చూస్తున్నాను. కుడి తెర మీద నువ్వు చివరి డ్యూటీలో సగం ఆడి వదిలిన పేకాట అలాగే ఉంది. పొద్దున కొత్త మేనేజర్ కంట పడింది.

"ఆ ఆట మూసెయ్. రెండో మానిటర్ స్టోరుకు పంపు."

"రెండూ ఒక్క కంప్యూటరే సార్. ఆట మూస్తే వేడి చూపెట్టుడు గూడ బందైతది. మీరే మూయుండ్రి, నేనైతే ముట్ట."

ఆయన మౌస్ మీద చెయ్యి పెట్టాడు. ఆట మూస్తే ఏమీ కాదని నీకూ నాకూ తెలుసు. ఎడమ తెర మీద వేడి ఒక డిగ్రీ పెరిగింది. ఆయన చెయ్యి తీసేసి వెళ్లిపోయాడు.

తర్వాత నీ ఆట నేనే పూర్తి చేసి గెలిచాను.

లేదన్నా, అది అబద్ధం. ఒక్క ముక్క కూడా కదపలేదు.